బొంత కుట్టేటప్పుడు కింద దారం ఉండ కడుతోందా? బాబిన్ కేసు సంగతి చూడండి

“అక్కా, జాకెట్లయితే నా మిషన్ బ్రహ్మాండంగా కుడుతుంది. బొంత పెడితే చాలు, కింద దారమంతా ఉండ కట్టేస్తుంది. బాబిన్ కేసు మార్చేయమంటావా?”

ఈ ప్రశ్న మాటలు మారి నాకు వస్తూనే ఉంటుంది. తిరుచానూరు నుంచి ఒకరు, పుత్తూరు నుంచి ఒకరు, మొన్న చిత్తూరు నుంచి ఇంకొకరు. విడివిడిగా చెప్పి చెప్పి అలిసిపోయాను, అందుకే ఒకేచోట రాసి పెడుతున్నాను. బాబిన్ అంటే కింది దారం చుట్టుకునే చిన్న రీలు, బాబిన్ కేసు అంటే దాన్ని పట్టి ఉంచే గిన్నె.

ముందే ఒక మాట. ఉండ కింద కడుతోంది కాబట్టి తప్పు కింది దారానిదే అనుకుంటాం. చాలాసార్లు తప్పు పై దారానిది. టెన్షన్ బిళ్లల (పై దారాన్ని నొక్కి బిగువుగా ఉంచే గుండ్రటి రేకులు) మధ్య అది సరిగ్గా కూర్చోకపోతే వదులైపోయి కిందికి జారి అక్కడ పోగుపడుతుంది. కాబట్టి ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే పాదం) పైకెత్తండి, పై దారం మొత్తం తీసేయండి, మొదటినుంచి మళ్లీ ఎక్కించండి. ఫుట్ దించి ఉంటే బిళ్లలు బిగుసుకుని ఉంటాయి, దారం మధ్యకు పోదు. ఇంతటితో కుట్టు బాగైపోతే మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు, మీ డబ్బు మిగిలినట్టే.

బాగవలేదా? అయితే వీటిని దగ్గర పెట్టుకోండి.

కావలసినవి

- మీ మిషన్‌లో ఇప్పుడున్న బాబిన్ కేసు, బాబిన్. కొత్తది కొనడానికి వెళ్లినా ఇవి చేతిలో ఉండాల్సిందే.
- బొంత కోసమని విడిగా ఇంకో బాబిన్ కేసు. ఇది ఎందుకో కింద చెబుతాను.
- ఒకే రకం బాబిన్లు ఆరు. పాతవీ కొత్తవీ కలపొద్దు.
- 14, 16 నంబర్ సూదులు.
- వాకింగ్ ఫుట్ ఒకటి. పువ్వులు, తీగలు కుట్టాలనుకుంటే డార్నింగ్ ఫుట్ కూడా.
- చిన్న స్క్రూడ్రైవర్, మెత్తటి బ్రష్, మిషన్ ఆయిల్, ఒక స్టీలు పళ్లెం.
- మీ బొంతకు వాడే చీర, లోపల పెట్టే గుడ్డ, అడుగు గుడ్డ, మూడింటిలోంచి జానెడు ముక్కలు రెండు జతలు. ఇవి పరీక్షకు.

1. మీ మిషన్‌కు ఏ బాబిన్ పడుతుందో తేల్చుకోండి

ఇళ్లలో ఉండే నల్ల మిషన్లు, ఉషా అయినా సింగర్ అయినా మెరిట్ అయినా, చాలావాటికి 15 క్లాస్ అనే సైజు బాబిన్ పడుతుంది. ఎడమ పక్క పలక జరిపితే కేసు కనిపిస్తుంది. జిగ్‌జాగ్ వేసే తెల్ల మిషన్లలో కొన్నిటికి కేసు ముందువైపు ఉంటుంది. కొన్నిటిలో బాబిన్‌ను పైనుంచే పడేస్తాం, వాటి కేసు ప్లాస్టిక్‌ది. టైలర్ షాపుల్లో ఉండే జుకీ లాంటి పవర్ మిషన్లది ఇంకో దారి. వాటి కేసు, బాబిన్, సూది అన్నీ వేరు.

మోసపోయేది ఇక్కడే. 15 క్లాస్ బాబిన్, ఎల్ సైజు బాబిన్ బల్ల మీద పక్కపక్కన పెడితే పైనుంచి ఒకేలా కనిపిస్తాయి. రెండూ అడ్డంగా 20 మిల్లీమీటర్ల పైచిలుకే. తేడా ఎత్తులో ఉంది. 15 క్లాస్‌ది 11.5 మిల్లీమీటర్ల పైన, ఎల్‌ది 9 లోపు. అంటే ఎల్ బాబిన్ మీ కేసులోకి చక్కగా దూరిపోతుంది, దూరి లోపల గలగలమంటుంది. టెన్షన్ ఒక్క అంగుళం కూడా ఒకేలా ఉండదు. ఇంట్లో స్కూలు పిల్లల స్కేలుంటే చాలు, కొలిచి చూసుకోండి. ఎం సైజు బాబిన్ 25 మిల్లీమీటర్లకు తక్కువ ఉండదు, ఎక్కువ దారం పడుతుందని దాని మీద ఆశపడొద్దు, మీ కేసులో అది దూరనే దూరదు.

2. కొట్లో చూసుకోవాల్సినవి

“అన్ని మిషన్లకీ పడుతుందమ్మా” అని ఒక కొట్లో ఇచ్చిన కేసు తెచ్చి పెట్టాను నేను, ఏళ్ల క్రితం. పట్టింది. నాలుగో కుట్టుకు సూది టప్‌మని విరిగి, ముక్క వచ్చి కళ్లద్దాలకు తగిలింది. తీసి చూస్తే ఆ కేసు కొమ్ము మా మిషన్ గాడిలో సగమే కూర్చుంది. అప్పటినుంచి పాత కేసు పర్సులో లేకుండా నేను కొట్టెక్కను.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఇవి చూడండి:

- కేసు పైన ఉండే కొమ్ము ఏ వైపుకు ఒరిగి ఉంది? కొన్నిటికి కొంచెం ఎడమకు, కొన్నిటికి కొంచెం కుడికి ఉంటుంది. మీ పాతదానితో కలవాలి.
- వెనక తలుపులాంటి రేకు లాగి పట్టుకుని కేసును తలకిందులు చేస్తే బాబిన్ పడకూడదు. వదిలితే పడాలి.
- దారం బయటికొచ్చే రేకు కింద గోరు పెట్టి మెల్లగా లాగండి. గోటికి గరుకు తగిలితే దారానికీ తగులుతుంది. వద్దనండి.
- బాబిన్ అంచులో సొట్ట, పగులు, తుప్పు ఉండకూడదు. బల్ల మీద దొర్లించి చూడండి, తూలుతూ పోతే అది పనికిరాదు.

పవర్ మిషన్ కేసు లోపల కొన్నిటికి పల్చని స్ప్రింగు రేకు ఒకటి ఉంటుంది. మిషన్ ఆపగానే బాబిన్ ఇంకా గిర్రున తిరిగి దారం వదులు చేయకుండా అది ఆపుతుంది. చెత్త అనుకుని తీసి పారేసినవాళ్లు నాకు తెలుసు.

ఇంకో కేసు ఎందుకంటే, జాకెట్ గుడ్డకు కుదిరిన టెన్షన్ మూడు పొరల బొంతకు కుదరదు. ఒక్క కేసుతోనే నడిపితే ఆ స్క్రూ అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. చివరికి జాకెట్టూ చెడుతుంది, బొంతా చెడుతుంది. బొంత కేసుకు ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకోండి. పైనుంచి బాబిన్ పడేసే మిషన్ అయితే ప్లాస్టిక్ కేసు విడిగా దొరుకుతుందేమో మీ మిషన్ మోడల్ చెప్పి అడగండి. దాని స్క్రూ మీద రంగు అంటించి ఉంటే కంపెనీవాళ్లు బిగించి సీలు వేశారని అర్థం, దాన్ని కదపొద్దు. రెండో కేసుతోనే మీ ప్రయోగాలు చేసుకోండి.

3. ఇల్లు ఊడ్చినట్టు షటిల్ ఊడ్చండి

మోటార్ ఉంటే ముందు ప్లగ్ తీసేయండి. కేసు తీసి, షటిల్ (కేసు కూర్చునే భాగం) చుట్టూ రెండు చిన్న కొక్కేలుంటే పక్కకు తిప్పండి, రింగు ఊడొస్తుంది. దాని వెనక అర్ధచంద్రంలా ఉన్న ముక్క బయటికి వస్తుంది. తీసేముందు ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి, తిరిగి పెట్టేటప్పుడు నాకు ఫోన్ చేయాల్సిన పని ఉండదు.

పాత నూలు చీరలతో కుట్టే బొంత దూది రాల్చినట్టు నూగు రాలుస్తుంది. అది ఆయిల్‌తో కలిసి షటిల్ గాడిలో నల్లటి పలకలా అట్టకడుతుంది. బ్రష్‌తో దులపండి, నోటితో ఊదొద్దు, ఊదితే లోపలికి పోతుంది, పైగా నోటి తడి. కేసు మీది రేకు కింద ఇరుక్కున్న నూగును విజిటింగ్ కార్డు మూలతో గీరి తీయండి, సూదితో గీరితే గీత పడుతుంది. ఆ తర్వాత గాడిలో ఒక్క చుక్క ఆయిల్. మిషన్ ఆయిలే. కొబ్బరినూనె వేసి నాలుగు నెలల తర్వాత “మిషన్ బరువెక్కింది” అనేవాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. అది చిక్కబడి జిగురవుతుంది.

ఆయిల్ వేశాక పాత గుడ్డ మీద పది వరసలు ఉత్తినే కుట్టండి. లేకపోతే మొదటి మరక మీ కలంకారీ ముక్క మీదే పడుతుంది.

4. బాబిన్ చుట్టడం

చిన్న పనే. కానీ సగం గొడవలు ఇక్కడే పుడతాయి. మిగిలిపోయిన పాత దారం మీద కొత్తది చుట్టొద్దు. చుట్టేటప్పుడు దారం పక్కనుండే చిన్న టెన్షన్ బిళ్ల గుండా పోవాలి, చేత్తో పట్టుకుని చుట్టితే ఒకచోట మెత్తగా ఒకచోట గట్టిగా వస్తుంది. మధ్యస్థ వేగంతో చుట్టండి. అంచు దాకా నింపొద్దు, ఒక మిల్లీమీటర్ ఖాళీ వదిలేయండి. చుట్టిన బాబిన్‌ను బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగిపోతే విప్పి మళ్లీ చుట్టండి.

పైకీ కిందికీ ఒకే రకం దారంతో మొదలుపెట్టండి. బొంతకు ఆరు బాబిన్లు ఒకేసారి చుట్టి పెట్టుకుంటే మధ్యలో లేవక్కర్లేదు.

5. కేసులో పెట్టి, వేలాడదీసి చూడండి

బాబిన్‌ను కేసులో పెట్టి దారాన్ని చీలికలోంచి లాగి రేకు కిందికి తీసుకెళ్లండి. దారం చీలిక దగ్గర వెనక్కి మడత తిరిగి రావాలి. సాఫీగా అదే దారిన పోయిందంటే బాబిన్ తిరగేసి పెట్టారని అర్థం.

ఇప్పుడు దారం కొస పట్టుకుని కేసును గాల్లో వేలాడదీయండి. కింద చెయ్యి పెట్టుకోండి. మూడింటిలో ఒకటి జరుగుతుంది.

- జర్రున కిందికి జారిపోతే వదులు.
- చెయ్యి ఆడించినా కదలకుండా ఉంటే బిగువు.
- అలాగే ఆగి ఉండి, చెయ్యి చిన్నగా ఎగరేస్తే ఒకటి రెండు అంగుళాలు దిగి ఆగితే బాగున్నట్టు. జాకెట్ కేసుకు అంగుళం చాలు. బొంత కేసుకు నేను రెండు అంగుళాలు దిగేలా ఉంచుకుంటాను.

సరిచేయాలంటే రేకు మీద రెండు స్క్రూలు కనిపిస్తాయి. మధ్యలో ఉన్న పెద్దదాన్ని తిప్పాలి. కొసలో ఉన్న చిన్నది రేకును పట్టి ఉంచేది, దాని జోలికి పోవద్దు. కుడికి తిప్పితే బిగువు, ఎడమకు తిప్పితే వదులు. గడియారంలో అయిదు నిమిషాలంత తిప్పండి, వేలాడదీయండి, మళ్లీ అంతే తిప్పండి. తిప్పేముందు స్క్రూ గాడి ఎటు చూస్తోందో స్కెచ్ పెన్నుతో గీత గీసుకుంటే దారి తప్పినా వెనక్కి రావచ్చు.

ఈ పని స్టీలు పళ్లెంలోనే చేయండి. ఆ స్క్రూ నువ్వుగింజ కన్నా కాస్త పెద్దది. ఒకసారి మా వరండాలో ముగ్గు మీద పడిపోయింది. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం పట్టుకుని అరగంట పాకాను. స్క్రూ దొరికింది, ముగ్గు పోయింది.

6. కేసు లోపల పెట్టేటప్పుడు “టక్”

సూదిని పూర్తిగా పైకి తెచ్చి, కేసును వెనక రేకు పట్టుకుని లోపలికి నెట్టండి. టక్‌మని శబ్దం రావాలి. రాకపోతే తీసి మళ్లీ పెట్టండి. వచ్చిందని అనుకుని మోటార్ నొక్కొద్దు. ముందు చేత్తో చక్రం మీవైపుకు రెండు మూడు చుట్లు తిప్పండి. ఎక్కడైనా తగిలితే ఆగిపోండి. పైన చెప్పిన నా కళ్లద్దాల కథ ఈ రెండు చుట్లు తిప్పనందుకే జరిగింది.

7. సూది

రెండు పాత చీరల మధ్య పల్చని గుడ్డ అయితే 14 చాలు. శ్రీకాళహస్తి కలంకారీ ముక్కలు, మందపాటి దుప్పటి గుడ్డ కలిస్తే 16 పెట్టండి. కలంకారీ గుడ్డను రంగులకు ముందు కరక్కాయ, పాలలో నానబెడతారు, కొత్తది కాస్త గట్టిగా ఉంటుంది. ఒకసారి చన్నీళ్లలో జాడించి నీడన ఆరేసుకుంటే సూదికీ సుఖం, రంగు దిగుతుందా లేదా కూడా అక్కడే తేలిపోతుంది.

నల్ల మిషన్ సూదికి పైన ఒక పక్క చదును ఉంటుంది, పవర్ మిషన్ సూది గుండ్రం. ఒకటి ఇంకోదానికి పెట్టొద్దు. సూది పొడవునా ఉండే గాడి, మీరు దారం ఎక్కించే వైపుకు ఉండాలి. ప్రతి కొత్త బొంతకూ కొత్త సూది. కుట్టు దాటేస్తోందని టెన్షన్‌తో పోట్లాడేవాళ్లలో చాలామందికి మందు కొత్త సూదే.

8. పరీక్ష ముక్క, రెండు రంగుల దారం

దీన్ని దాటేసి నేరుగా బొంత మీదికి పోయేవాళ్ల కోసమే ఇంత రాస్తున్నాను. పైన ఎరుపు, కింద తెలుపు దారం పెట్టి మూడు పొరల ముక్క మీద రెండు గీతలు, ఒక వంకర తీగ కుట్టండి. ముక్క తిరగేసి చూడండి.

- కింది వైపు ఎర్ర చుక్కలు కనిపిస్తే పై దారం వదులు. పై గుబ్బ (పై దారం టెన్షన్ మార్చేది) కాస్త బిగించండి.
- పై వైపు తెల్ల చుక్కలు కనిపిస్తే పై దారం బిగువు, లేదా కింది దారం వదులు. ముందు పై గుబ్బే వదులు చేయండి.
- రెండు వైపులా దారం గీతలా చదునుగా పడి, ముడి లోపలి పొరలో దాక్కుంటే బాగున్నట్టు.
- నేరు గీత బాగుండి, వంకరల దగ్గర మాత్రమే కింద కనురెప్పల వెంట్రుకల్లా దారాలు లేస్తే టెన్షన్ కాదు, మీ చెయ్యి. మలుపులో గుడ్డను లాగేస్తున్నారు.

చివరగా ముక్కను రెండు చేతులా పట్టుకుని సాగదీయండి. పటపటమని తెగితే బిగువు. తెగకపోతే దారం రంగు మార్చుకుని బొంత మీదికి వెళ్లండి. పై గుబ్బ ఎంత తిప్పినా ఫలితం లేనప్పుడే కేసు స్క్రూ మళ్లీ ముట్టుకోవాలి.

9. ఏ ఫుట్?

కొనేముందు కొలత. ఫుట్ దించి, మిషన్ పలక నుంచి ఫుట్ బిగించే స్క్రూ మధ్య వరకు కొలవండి. ముప్పావు అంగుళం దగ్గరుంటే లో షాంక్, అంగుళం దాటితే హై షాంక్. ఇళ్లలోని నల్ల మిషన్లు మామూలుగా లో షాంక్. కొట్లో ఈ మాట చెబితే చాలు.

నేరు గీతలకు వాకింగ్ ఫుట్. కింద పళ్లు అడుగు గుడ్డను లాగుతుంటే ఇది పై గుడ్డను కూడా లాగుతుంది, అందుకే పై పొర ముందుకు జారి ముడతలు పడదు. దాని పక్కనున్న చెయ్యి సూది బిగించే స్క్రూ మీద కూర్చోవాలి. అది మరిచి బిగిస్తే ఉత్త బరువైన ఫుట్, అంతే. కుట్టు పొడవు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి ఎనిమిది నుంచి పది కుట్లు. వేగంగా పరిగెత్తొద్దు. గీతల మధ్య దూరానికి ఫుట్ వెనక గుచ్చే గైడ్ రాడ్ వాడండి, లేదంటే గుడ్డ మీద సుద్దముక్కతో బెత్తెడు దూరంలో గీతలు గీసుకోండి.

వాకింగ్ ఫుట్ లేదంటే? ఫుట్ ఒత్తిడి తగ్గించి, పిన్నీసులు దగ్గరదగ్గరగా పెట్టి, మధ్యనుంచి అంచులకు కుట్టుకుంటూ రండి. మన అమ్మమ్మల బొంతలకు ఏ ఫుట్టూ లేదు, కాకపోతే వాళ్లు చేత్తో కుట్టారు.

తీగలు, మామిడిపిందెలు కుట్టాలంటే డార్నింగ్ ఫుట్. పళ్లు దించే మీట ఉంటే దించేయండి. లేకపోతే కుట్టు పొడవు సున్నా చేసి, పెరుగు డబ్బా మూతలోంచి చదునైన ముక్క కత్తిరించి, సూదికి రంధ్రం చేసి, పళ్ల మీద టేపుతో అంటించండి. సూది రంధ్రం మధ్యలోంచి పోతోందో లేదో చేత్తో చక్రం తిప్పి చూడాలి. ఫుట్ లీవర్ దించడం మరిచిపోవద్దు. డార్నింగ్ ఫుట్ గుడ్డకు గట్టిగా ఆనదు కాబట్టి దించామో లేదో తెలియదు. దించకపోతే పై టెన్షన్ పనిచేయదు, కింద పిచ్చుకగూడు తయారవుతుంది. మొదటి కుట్టుకు ముందు కింది దారాన్ని పైకి లాగి, రెండు కొసలూ వేళ్లతో పట్టుకుని నాలుగు కుట్లు వేయండి.

మోటార్ ఒకే వేగంతో, చేతులు నెమ్మదిగా. చేతులు జారుతుంటే రబ్బరు చుక్కలున్న గ్లవ్స్ వేసుకోండి.

10. బొంత మీద పని చేసేటప్పుడు

అడుగు గుడ్డ నేల మీద పరిచి, అన్నివైపులా రెండు అంగుళాలు ఎక్కువ ఉంచి, లోపలి గుడ్డ, పై గుడ్డ వేసి, బెత్తెడుకో పిన్నీసు పెట్టండి. మన తిరుపతి ఎండలకు లోపల మందపాటి ఫైబర్ వద్దు, ఒక పాత నూలు చీర చాలు. మిషన్‌కూ సులువు, కప్పుకునేవాళ్లకూ సులువు.

బొంత బరువు మిషన్ కింద వేలాడకూడదు. ఎడమ పక్క ఇంకో బల్ల గానీ, కుర్చీ మీద తలగడ గానీ పెట్టి ఎత్తు చేయండి. బరువు లాగితే సూది వంగుతుంది, వంగిన సూది కేసుకు తగులుతుంది. మిగతా గుడ్డను గట్టిగా చుట్టి క్లిప్పులు పెట్టుకోండి.

రెండు బాబిన్లకోసారి కేసు తీసి నూగు దులపండి. శబ్దం మారితే, “గరగర” అంటే, కుట్టడం ఆపి చూడండి, ఇంకొక్క వరసే కదా అని పోవద్దు. బాబిన్ అయిపోతోందని మిషన్ చెప్పదు. పెద్ద బొంతల్లో నేను ఒక్కో బాబిన్‌కు ఎన్ని వరసలు వస్తున్నాయో మొదటిదాంతో లెక్కపెట్టి పెట్టుకుంటాను. దాన్నిబట్టి ఒక వరస ముందే, అంచు దగ్గరే మార్చేస్తాను. బొంత నడిమధ్యలో ముడి కనిపించదు.

పని అయ్యాక ఎర్ర చుక్క కేసు తీసి డబ్బాలో వేసి, జాకెట్ కేసు పెట్టి, పై గుబ్బను పాత అంకెకు తిప్పేయండి. మూత ముక్క కూడా పీకేయండి. నేను ఒకసారి మరిచిపోయాను. మర్నాడు పొద్దున్నే పక్కింటావిడ జాకెట్ పెట్టి తొక్కుతుంటే గుడ్డ ఒక్క అంగుళం కూడా కదల్లేదు. మిషన్ చెడిపోయిందని మెకానిక్‌కు ఫోన్ కూడా చేసేశాను.